ఓడీలోకి వస్తానంటున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. ఆర్గనైజేషనల్ డెవలప్‌మెంట్‌ (ఓడీ), అంటే సంస్థల్లో మనుషులు కలిసి పనిచేసే తీరును బాగుచేసే పనిలోకి రావాలంటే ఎంబీఏ చెయ్యాలా, సైకాలజీ చదవాలా అని అడిగావు. ఏదైనా పరవాలేదు. చదువు అవ్వగానే కన్సల్టెంట్‌గా చేరిపోతానన్నావే, నాకు కంగారు పుట్టింది అక్కడే. ముందు రెండు మూడేళ్లు సేల్స్‌లోనో ఆపరేషన్స్‌లోనో పని చెయ్యి. టార్గెట్ తప్పిన నెలాఖరు ఎలా గడుస్తుందో, పైనుంచి వచ్చిన 'మార్పు' మెయిల్ చూసి కిందివాళ్లు ఏమని గొణుక్కుంటారో నీ చెవులతో వినాలి.

1951లో పరిశోధకులు ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ బ్రిటన్ బొగ్గు గనుల మీద రాసిన వ్యాసం ఒకటుంది, తప్పక చదువు. గనుల్లోకి యంత్రాలొచ్చాయి. అంతకుముందు ఇద్దరు ముగ్గురు జట్టుగా మొదలుపెట్టి చివరిదాకా చేసుకునే పనిని ముక్కలు చేసి షిఫ్టుకో ముక్క పంచారు. ఒక షిఫ్టువాళ్లు సరిగ్గా ముగించకపోతే తర్వాతివాళ్లు నానా తంటాలు పడేవారు. ఎవర్నడిగినా తప్పు అవతలి షిఫ్టుదే. యంత్రంలో లోపం లేదు, మనుషులూ చెడ్డవాళ్లు కారు. పాత జట్లు చెదిరిపోయాయి, అంతే. ఇది అంత లోతుగా పట్టుకోగలిగారంటే ఒక కారణం ఉంది: బామ్‌ఫోర్త్ స్వయంగా గనిలో పనిచేసి వచ్చినవాడు.

హెచ్‌ఆర్‌లో చేరినా తప్పులేదు. కాకపోతే ట్రైనింగ్ క్యాలెండర్ నింపడమే ఓడీ అనుకునే ఆఫీసులు చాలా ఉన్నాయి, వాటిలో ఇరుక్కోకు.

ఇక నా తప్పు ఒకటి చెప్తాను. మొదట్లో ఒక కంపెనీలో చాలామందిని ఇంటర్వ్యూ చేసి రిపోర్టు రాశాను. పేర్లు పెట్టలేదు కానీ ఒకాయన మాటల్ని ఉన్నదున్నట్టు దించాను. అలా మాట్లాడేది ఆ ఫ్లోర్‌లో ఆయనొక్కడే. మేనేజర్‌కి చదవగానే తెలిసిపోయింది. కొద్దిరోజులకే ఆయన్ని వేరే టీమ్‌కి మార్చారు. తర్వాత అక్కడ నాతో ఎవరూ నోరు విప్పలేదు, విప్పుతారా మరి? అందుకే పని ఒప్పుకునే రోజే, ఎవరు చెప్పింది ఎవరికి చేరుతుందో కాగితం మీద పెట్టు. ఉద్యోగాల కోత ముందే ఖాయం చేసుకుని పైపూతకి పిలుస్తున్నారేమో కూడా అప్పుడే మొహమాటం లేకుండా అడుగు.

తెలుసుకున్నది చెప్పినవాళ్ల ముందే పెట్టాలి. 1946లో అమెరికాలోని కనెక్టికట్‌లో సామాజిక మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ బృందం ఒక వర్క్‌షాప్ నడిపింది. పగలు జరిగినదాన్ని పరిశోధకులు రాత్రిపూట తమలో తాము చర్చించుకునేవారు. పాల్గొన్నవాళ్లు కొందరు మేమూ కూర్చుంటామన్నారు, లెవిన్ సరేనన్నాడు. తన గురించి వాళ్లనుకుంటున్నది విని ఒకామె, జరిగింది అది కాదని అడ్డుపడింది. ఆ రాత్రి చర్చల నుంచే టీ-గ్రూపులు పుట్టాయి, అంటే కొద్దిమంది కూర్చుని తమ మధ్య అప్పటికప్పుడు జరుగుతున్నదాన్నే మాట్లాడుకుంటూ నేర్చుకునే బృందాలు. వీలైతే ఒక టీ-గ్రూప్ ల్యాబ్‌లో నువ్వూ కూర్చో. నాకైతే మొదటి రెండు రోజులూ ఒకటే టెన్షన్. నేను ఎదుటివాళ్ల మాటకి ఎంత అడ్డొస్తానో అక్కడే తెలిసింది. మీ పెద్దమ్మ అంతకుముందే చెప్పింది, నేను నమ్మలేదు.

ఈలోగా ఒక పని చెయ్యి. ఏదైనా మీటింగ్‌లో ఓ మూల కూర్చుని, ఎవరి తర్వాత ఎవరు మాట్లాడారో, ఎవరి మాట మధ్యలో తెగిపోయిందో రాసుకో. నీ అభిప్రాయం రాయకు. ఆ కాగితం నాకు పంపు, ఫోన్‌లో మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న