పాఠకుల ప్రశ్నలు: లైను ఎక్కడ విరగాలి?

ప్రశ్న: పర్లాకిమిడిలో డీటీపీ పని చేస్తున్నాను. మా ఊరి ఉగాది సంచికను తెలుగు, ఒడియా భాషల్లో, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ అయిన ఇన్‌డిజైన్‌లో రెండు కాలమ్‌లుగా పేజీ కడుతున్నాను. అక్షరాల సైజు 11 పాయింట్ల నుంచి 12కు పెంచగానే లైన్లు ఎక్కడపడితే అక్కడ తెగి, కొన్నింటిలో రెండు మాటలే మిగిలాయి. మరికొన్నిచోట్ల మాటల మధ్య పెద్ద ఖాళీలు వచ్చాయి. అన్నీ చేత్తో సర్దుకోవలసిందేనా?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: అక్కరలేదమ్మా. చేత్తో సర్దితే సైజు మళ్లీ మార్చినప్పుడు ఆ శ్రమంతా వృథా అవుతుంది. మీకు వచ్చిన మ్యాటర్‌లో ప్రతి లైను చివరా ఎవరో ఎంటర్ కొట్టి ఉంటారు. టైప్ మెనూలో 'షో హిడెన్ క్యారెక్టర్స్' ఎంచుకుంటే లైన్ల చివర పేరా గుర్తులు కనిపిస్తాయి. అసలు పేరాల మధ్య రెండేసి ఎంటర్లు ఉంటే, 'ఫైండ్/చేంజ్' ద్వారా ముందుగా ఆ జంటలను మ్యాటర్‌లో మరెక్కడా లేని ## వంటి గుర్తుగా మార్చి, తర్వాత మిగిలిన ఎంటర్లను స్పేసులుగా మార్చి, చివరకు ఆ గుర్తును ఒక్క ఎంటర్‌గా మార్చండి. ఈ క్రమం తప్పితే వ్యాసమంతా ఒకే పేరాగా అతుక్కుపోతుంది.

పద్యపాదాలకు, చిరునామాలకు, పేరా మారకుండా లైను మాత్రమే విరిచే షిఫ్ట్-ఎంటర్ వాడండి. రెండు అంచులూ సమంగా ఉన్న పేరాలో అది లైనును సాగదీస్తుంది కనుక, దానికి ముందు షిఫ్ట్-ట్యాబ్ కొట్టండి.

ఖాళీల సంగతి మన భాష స్వభావంతో ముడిపడింది. 'జరుపుకోవలసివచ్చినప్పటికీ' వంటి మాట సన్నని కాలమ్‌లో పట్టక కిందికి దిగితే, పై లైనులో మిగిలిన నాలుగు మాటలూ ఎడమెడంగా జరుగుతాయి. 2012లో వచ్చిన సీఎస్6 వెర్షన్ నుంచి తెలుగు, ఒడియాలతో సహా 10 భారతీయ భాషలకు ఇన్‌డిజైన్‌లో వసతి ఉంది. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకుని, క్యారెక్టర్ ప్యానెల్‌లో భాషను తెలుగుగా పెట్టి, హైఫనేషన్ (లైను చివర పట్టని మాటను విరిచే ఏర్పాటు) ఆన్ చేయండి. ఈ కంపోజర్ ఒక్కో లైనును విడిగా కాక పేరా మొత్తాన్ని చూసి ఎక్కడ విరవాలో నిర్ణయిస్తుంది కాబట్టి ఖాళీలు చాలావరకు సర్దుకుంటాయి. ఇది యూనికోడ్ ఫాంట్లకే, అంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న ఫాంట్లకే వర్తిస్తుంది. అను వంటి పాత ఫాంట్లలో మన అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. అక్కడ ఇంగ్లీషు హైఫనేషన్ ఆన్‌లో ఉంటే అక్షరం ఒక లైనులో, దాని వత్తు మరో లైనులో పడే ప్రమాదముంది కనుక ఆపివేయడమే మేలు.

మహేంద్రగిరి కొండ ఎత్తు చెప్పేటప్పుడు '1,501' ఒక లైనులో, 'మీటర్లు' మరో లైనులో పడితే చదువరి తడబడతారు. ఆ రెండింటి మధ్య మామూలు స్పేసు తీసి, 'ఇన్సర్ట్ వైట్ స్పేస్'లోని 'నాన్‌బ్రేకింగ్ స్పేస్' పెట్టండి. 'డా.', 'శ్రీమతి' తర్వాత వచ్చే పేర్లకూ అంతే. ఉపశీర్షిక కాలమ్ అడుగున ఒంటరిగా మిగలకుండా దాని స్టైల్‌లో 'కీప్ విత్ నెక్స్ట్' 2 లైన్లుగా పెట్టండి.

ఒడియా వ్యాసాలకు వేరే పేరాగ్రాఫ్ స్టైల్ తయారుచేసి, భాషను అందులోనే మార్చండి. తెలుగు స్టైల్‌నే వాటికీ వాడితే ఒడియా మాటలకు తెలుగు హైఫనేషన్ నియమాలు వర్తిస్తాయి.