మనస్తత్వ శాస్త్రం 'శాస్త్రమే'నా?

సందేహం: మా అమ్మాయి ఇంటర్ అయ్యాక సైకాలజీ చదువుతానంటోంది. ఇంజనీరైన మా బావగారు 'అదేం సైన్సు? మనసును ఎవరైనా కొలవగలరా? చిలకజోస్యానికి ఇంగ్లీషు పేరు పెట్టారంతే' అని కొట్టిపారేశారు. 'తెలుగులో మనస్తత్వ శాస్త్రం అంటాం కదా, పేరులోనే శాస్త్రం ఉంది' అన్నాను. 'జ్యోతిష శాస్త్రం, వాస్తు శాస్త్రం అని కూడా అంటాం' అనేసరికి నా దగ్గర జవాబు లేకపోయింది. శాస్త్రం అంటే సైన్సేనా? ఇంకో చిన్న సందేహం: మనస్తత్వమా, మనస్తత్త్వమా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీరూ మీ బావగారూ ఒకే మాటను చెరో అర్థంలో పట్టుకున్నారు. అందుకే వాదన తెగలేదు. ముందు ఆ మాట సంగతి చూద్దాం.

సంస్కృతంలో 'శాస్' ధాతువుకు శాసించడం, బోధించడం అని అర్థాలు. శాసనం, అనుశాసనం, శిష్యుడు, శాస్త్రం అన్నీ దాని నుంచి పుట్టినవే. మనిషికి 'ఇది చెయ్యి' అనో 'ఇది చెయ్యకు' అనో ఉపదేశించేది శాస్త్రం అని వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు నిర్వచించారు. ధర్మశాస్త్రం చేసేది ఆ పనే. వాస్తు శాస్త్రం వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలంటుంది. పాకశాస్త్రం పోపు ఎప్పుడు వెయ్యాలో చెబుతుంది. ఈ అర్థంలో జ్యోతిషం కూడా నిక్షేపంగా శాస్త్రమే. ఆరు వేదాంగాల్లో ఒకటిగా దానికి ఆ హోదా ఎప్పటినుంచో ఉంది. అప్పట్లో దాని ముఖ్యమైన పని యజ్ఞాలకు కాలం లెక్కగట్టడం. చెప్పింది నిజమా కాదా అని పరీక్షించారా అన్న ప్రశ్న ఆ పేరులో లేదు. ఒక విషయం మీద ఉపదేశాన్ని పద్ధతిగా కూర్చి పెడితే ఆ పేరు వచ్చేస్తుంది.

మన ఇళ్ళల్లో ఈ పాత అర్థం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పెళ్ళిలో 'శాస్త్రానికి కాస్త పసుపు రాయండి' అంటారు. కడుపు నిండిందన్న అతిథికి 'శాస్త్రానికి రెండు మెతుకులు' అని వడ్డిస్తారు. అక్కడ శాస్త్రమంటే ఆచారం నెరవేరిందనిపించుకోవడం.

ఇంగ్లీషు చదువులు వచ్చాక 'సైన్స్'కి తెలుగు మాట కావలసి వచ్చింది. ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం 'తెలుసుకోవడం'. దానికి మన దగ్గర దీటైన మాట విజ్ఞానం. మోక్షం మీద పెట్టిన బుద్ధి జ్ఞానమనీ, శిల్పం మీదా శాస్త్రాల మీదా పెట్టిన బుద్ధి విజ్ఞానమనీ అమరకోశం విడమరిచి చెప్పింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు హైదరాబాదులో ప్రచురణ సంస్థ పెట్టినప్పుడు దానికి 'విజ్ఞాన చంద్రికా మండలి' అని పేరు పెట్టుకున్నారు. అయినా బడి పుస్తకాల్లోకి వచ్చేసరికి భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, సామాన్య శాస్త్రం అని పాత మాటే స్థిరపడింది. కొత్త సరుకు పాత డబ్బాలోకి చేరింది, డబ్బా మీద చీటీ మాత్రం మారలేదు. 'శాస్త్రీయ సంగీతం' అన్నప్పుడు సంప్రదాయం ప్రకారం నేర్చిన సంగీతమని అర్థం. 'శాస్త్రీయ దృక్పథం' అన్నప్పుడు సంప్రదాయమైనా సరే ప్రశ్నించి చూడమని అర్థం. ఒకే విశేషణం రెండు ఎదురెదురు పనులు చేస్తోంది.

కాబట్టి పేరు చివర శాస్త్రం ఉన్నంత మాత్రాన ఏదీ సైన్సు అయిపోదు. ఆ మేరకు మీ బావగారి మాట నిజం. ఆ పేరును పట్టుకుని సైకాలజీని జ్యోతిషం పక్కన కూర్చోబెట్టడం మాత్రం చెల్లదు. పేరు సాక్ష్యానికి పనికిరాదంటే ఇద్దరికీ పనికిరాదు. ఇక పని చూసి తేల్చుకోవాలి.

పని చూసే ముందు 'మనస్తత్వం' గురించి ఒక మాట, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. తెలుగులో మనస్తత్వం అంటే స్వభావం. 'వాడి మనస్తత్వమే అంత', 'మా అత్తగారిది మెత్తని మనస్తత్వం' అంటాం. అలాంటప్పుడు మనస్తత్వ శాస్త్రం అంటే ఎవరి స్వభావం ఏమిటో మొహం చూసి చెప్పే విద్య అనుకోవడంలో జనం తప్పేముంది? సైకాలజీ చదివే పిల్లలు పెళ్ళికో పేరంటానికో వెళితే 'నా మనస్తత్వం ఏమిటో చెప్పమ్మా' అని అరచెయ్యి చాపినంత పని చేస్తారు. నిజానికి ఆ చదువులో స్వభావం ఒక అధ్యాయం మాత్రమే. చూపు, వినికిడి, జ్ఞాపకం, మరుపు, నేర్చుకోవడం, భయం, భాష అన్నీ అందులో ఉంటాయి. అందుకే నా ఓటు 'మనోవిజ్ఞానం' అన్న మాటకు.

మనసును కొలవగలరా అని బావగారు అడిగారు కదా. బీచ్ రోడ్డు మీద జాలారిపేటలో చేపలమ్మే ఆడవాళ్ళను గమనించండి. అరకిలో చేపల మీద 50 గ్రాములు తగ్గితే వాళ్ళ చెయ్యి ఇట్టే పట్టేస్తుంది. ఐదు కిలోల వంజరం మీద అదే 50 గ్రాములు తగ్గితే ఆ చేతికే తెలియదు. తేడా తెలియాలంటే ఎన్ని గ్రాములన్నది ముఖ్యం కాదు, మొత్తంలో ఎన్నో వంతు అన్నది ముఖ్యం. 19వ శతాబ్దంలో వెబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త మనుషుల చేత బరువులు ఎత్తించి ఈ సంగతి పట్టుకున్నాడు. ఆయన దారిలో ఫెక్నర్ 1860లో ఇంద్రియానుభవాన్ని లెక్కల్లో పెట్టాడు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ అనే ఆచార్యుడు ఈ పనికే ఒక ప్రయోగశాల తెరిచాడు. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయం సైకాలజీకి విభాగం పెట్టింది, అది కూడా ప్రయోగాల మీద ఆధారపడిన సైకాలజీకే.

ఇంకోటి మీరే ఇంట్లో చేసి చూడవచ్చు. 1935లో స్ట్రూప్ అనే అమెరికన్ ప్రచురించిన ప్రయోగం ఇది. నేను మా మనవడి స్కెచ్ పెన్నులు తీసుకుని ఒక అట్ట మీద రంగుల పేర్లు రాశాను. 'ఎరుపు' అన్న మాట ఆకుపచ్చ పెన్నుతో, 'నీలం' అన్న మాట ఎర్ర పెన్నుతో, అలా నాలుగు వరసలు. మాట చదవకూడదు, సిరా రంగు మాత్రమే చెప్పాలి. వాడు 'ఎరు… కాదు, ఆకుపచ్చ… నీ… ఛ, ఎరుపు' అంటూ రెండో వరసకే చెమటలు పట్టించుకున్నాడు. పక్క ఫ్లాట్ పిల్ల వచ్చింది. వాళ్ళ నాన్నగారు నేవీలో పనిచేస్తారు. పిల్ల తెలుగు చక్కగా మాట్లాడుతుంది కానీ అక్షరాలు రావు. నాలుగు వరసలూ గడగడా చెప్పేసింది! ఆమెకు అవి వట్టి రంగు గీతలు. మా వాడికి మాత్రం కంట పడిన అక్షరాన్ని చదవకుండా ఉండటం చేతకాలేదు. చదువు వచ్చినవాడి మనసులో చదవడం తన ప్రమేయం లేకుండానే జరిగిపోతుందని ఆ తడబాటు చూపిస్తోంది. గడియారం పెట్టి చూస్తే అది సెకన్లలో దొరుకుతుంది. 1935 నుంచి ఎన్నో దేశాల్లో, ఎన్నో భాషల్లో ఇదే ఫలితం వస్తోంది. ఆ అట్ట మీ బావగారి చేతిలో కూడా పెట్టండి.

ఇలా ఎవరు చేసినా మళ్ళీ అదే ఫలితం రావడం, రాకపోతే తప్పు ఒప్పుకోవడం – సైన్సుకు నేను పట్టే గీటురాయి ఇది. దీని మీద సైకాలజీ అంతా మేలిమి అనను. మనసు అడుగున దాగిన కోరికలతో మనిషి ప్రవర్తనను వివరించే, ఫ్రాయిడ్ మొదలుపెట్టిన మనోవిశ్లేషణ మీద కార్ల్ పాపర్ అనే తత్త్వవేత్త చేసిన అభ్యంతరం బలమైనది. మనిషి ఒకటి చేసినా, దానికి పూర్తి విరుద్ధమైనది చేసినా అదే సిద్ధాంతంతో వివరించగలిగితే, అది తప్పని ఎప్పటికి తేలుతుంది? 2015లో సైకాలజీవాళ్ళే కూడబలుక్కుని, తమ పేరున్న పరిశోధన పత్రికల్లో అచ్చయిన 100 అధ్యయనాలను మళ్ళీ చేసి చూశారు. మొదటిసారి దాదాపు అన్నిటిలోనూ గట్టి ఫలితం వచ్చినట్టు రాసుకున్నారు. రెండోసారి సుమారు మూడో వంతులోనే అలా వచ్చింది. ఇది చూపించి 'చూశారా, అంతా డొల్ల' అనేవాళ్ళున్నారు. నేను అలా అనుకోను. తమ ఇంటి లెక్కను తామే తీసి, తప్పును తామే అచ్చువేసుకున్నారు. జాతకాల్లో ఎన్ని తప్పాయో జ్యోతిష్కులు కూర్చుని లెక్క తీసి అచ్చువేయడం నేనైతే చూడలేదు.

ఈ చర్చకు మన ఊళ్ళోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1960ల చివర్లో కోనేరు రామకృష్ణారావు గారు స్థాపించిన విభాగం పేరు 'సైకాలజీ అండ్ పారాసైకాలజీ'. పారాసైకాలజీ అంటే అతీంద్రియ శక్తుల వంటివి ఉన్నాయా అని పరిశోధించే విద్య. ఆయన తర్వాత అదే విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు, పద్మశ్రీ అందుకున్నారు. అంతకు ముందు అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆ పరిశోధనకు పేరుపడ్డ జె.బి. రైన్ దగ్గర పనిచేశారు. అక్కడ అతీంద్రియ శక్తిని పరీక్షించడానికి 25 కార్డుల కట్ట వాడేవారు. వాటి మీద వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం, ఒక్కో బొమ్మ ఐదేసి సార్లు ఉంటుంది. ఏ కార్డు మీద ఏ బొమ్మ ఉందో చూడకుండా చెప్పాలి. ఊరికే చెప్పినా సగటున ఐదు కలుస్తాయి. పదేపదే అంతకన్నా బాగా ఎక్కువ కలిస్తే ఆలోచించాలి. అడిగిన పద్ధతి చూడండి, ఎంత నిక్కచ్చిగా ఉందో. కానీ ఆ ఎక్కువ కలవడం ఇతరుల ప్రయోగశాలల్లో నిలకడగా రాలేదు. అందుకే శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది పారాసైకాలజీని ఒప్పుకోరు. పద్ధతి సైన్సుది, ఫలితం మాత్రం ఇంకా సైన్సు అనిపించుకోలేదు అని నేను అంటాను.

ఇక్కడ కూడా భాష చిన్న మెలిక పెట్టింది. గ్రీకులో 'పారా' అంటే పక్కన అని. సైకాలజీకి పక్కనున్నది పారాసైకాలజీ. దాన్ని తెలుగులో 'పరా మనోవిజ్ఞానం' అనేసరికి మన చెవికి పరావిద్య గుర్తొస్తుంది, అంటే విద్యలన్నిటికన్నా పైది. ఒక్క దీర్ఘం మారి, పక్కింటి విద్య మేడెక్కి కూర్చుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. సైకాలజిస్టు, సైకియాట్రిస్టు ఒకరే అనుకుంటారు చాలామంది. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఆ శాఖలో పైచదువు చదివిన డాక్టరు, మందులు రాస్తారు. ఆయన్ని మానసిక వైద్యుడు అనాలి. సైకాలజిస్టు మనోవిజ్ఞాని. పేపర్లలో ఇద్దరినీ 'మానసిక నిపుణులు' అని ఒకే గాటన కట్టకుండా ఉంటే, టెన్షన్‌తో నిద్రపట్టనివాడికి ఎవరి దగ్గరకు వెళ్ళాలో తెలుస్తుంది. 'సైకో', 'మెంటల్' అన్న మాటలు తిట్లుగా మారాయి. మానసిక వైద్యశాల ఉందన్న కారణంతో చినవాల్తేరు పేరునే వెక్కిరింతగా వాడటం విన్నప్పుడు నాకు బాధ వేస్తుంది. ఆ వెక్కిరింతకు భయపడి డాక్టరు గడప తొక్కనివాళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నారు.

ఇక మీ రెండో సందేహం. తత్ + త్వం = తత్త్వం కనుక వ్యాకరణం ప్రకారం 'మనస్తత్త్వం' సరైనది. పలుకుబడిలో ఆ ఒత్తు తేడా వినిపించదు, పత్రికలు ఎప్పుడో 'మనస్తత్వం'కు మారిపోయాయి. నేనూ పైన అలాగే రాశాను, తప్పుగా ఎంచను. అయితే ఆ రెండో తకారం మన నాలుక మీద నుంచి పూర్తిగా పోలేదు. సత్ + త్వం అయిన సత్త్వమే మన 'సత్తువ'. అందులో ద్విత్వం నిలిచే ఉంది చూడండి. ఇక 'మనః' చివరి విసర్గ తర్వాత త వస్తే మనస్తత్త్వం, శ వస్తే మనశ్శాస్త్రం, వ వస్తే మనోవిజ్ఞానం. మనఃశాస్త్రం అని విసర్గతో రాసినా సరే. కొందరు బోర్డుల మీద రాయిస్తున్న 'మనోశాస్త్రం' మాత్రం తప్పు.