ట్యాంకు మోటారు జోలికి పోయే ముందు

చిన్నీ,

ఈఎస్‌పీ32 బోర్డు, అదే వైఫై ఉన్న బుల్లి కంప్యూటర్, కొన్నావట, సంక్రాంతి సెలవుల్లో ఇంటి ట్యాంకు మోటారు ఫోన్లోంచే ఆన్ అయ్యేలా, నిండగానే దానంతటదే ఆగేలా చేస్తానన్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముప్పై ఏళ్లు రేడియోలూ టీవీలూ బాగుచేసి బతికినవాణ్ణి, నా మేనకోడలు సోల్డరింగ్ ఐరన్ పట్టిందంటే సంబరం కాదూ! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తా, ముందు మామూలు సంగతులు.

బోర్డు మీదున్న ఎల్ఈడీని వెలిగించి ఆర్పడంతో మొదలుపెట్టు, చాలా బోర్డుల్లో అది 2వ పిన్ను. కంప్యూటర్‌కి బోర్డు కనపడకపోతే ముందు కేబుల్ మార్చి చూడు, చార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరాని కేబుళ్లు ఇంటినిండా ఉంటాయి. ప్రోగ్రాం ఎక్కకుండా చుక్కలు పెడుతూ కూర్చుంటే బూట్ బటన్ నొక్కి పట్టుకో. 34, 35, 36, 39 పిన్నులు వినడమే గానీ మాట్లాడవు, అంటే సిగ్నల్ తీసుకుంటాయి గానీ పంపవు, వాటికి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి) కలిపి పనిచేయట్లేదని ఏడవకు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పిన్నులు 3.3 వోల్టులవి. పోయినేడు నేనూ ఒక బోర్డు కొని, అల్ట్రాసోనిక్ సెన్సర్, అదే శబ్దం పంపి దూరం కొలిచేది, దాని ఎకో కాలు తిన్నగా తగిలించి మాడ్చేశా, నవ్వకు. ఆ కాలు నుంచి వచ్చేది 5 వోల్టులు, మధ్యలో 1కె, 2కె రెసిస్టర్లు పెట్టి దించాలి. సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

ఇక అసలు సంగతి. నీకంటే ముందు ఆ పని నేను చేశా. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఊళ్లో నన్ను మించిన మెకానిక్ లేడని పొగరు. ట్యాంకు నిండితే మోటారు ఆపేందుకు ఒక ట్రాన్సిస్టరు, ఒక రిలే, నీళ్లలోకి రెండు రాగి తీగలు. ట్రాన్స్‌ఫార్మర్ డబ్బులు మిగుల్తాయని ఒక మైక్రోఫారడ్, 400 వోల్టుల కెపాసిటర్ పెట్టి మెయిన్స్ నుంచే కరెంటు దించా. దాంతో వోల్టేజీ తగ్గింది గానీ మెయిన్స్‌తో సంబంధం తెగలేదు, సర్క్యూట్ గ్రౌండ్ నేరుగా న్యూట్రల్‌కి అంటుకునే ఉంది. టెస్టర్ పెట్టి చూస్తే వెలగలేదు, ఇంకేం, బ్రహ్మాండం అనుకున్నా. పది రోజులు బాగానే నడిచింది.

పదకొండో రోజు ఎవరో ఇస్త్రీ పెట్టె కోసం ప్లగ్ పీకి, మళ్లీ తిరగేసి పెట్టారు. రెండు పిన్నుల ప్లగ్, ఎటైనా దూరుతుంది. న్యూట్రల్ ఉండాల్సిన చోటికి ఫేజ్ వచ్చింది, నీళ్లలోని రాగి తీగల గుండా ట్యాంకు నీళ్లకీ, కింద పెరట్లో ఇనప పైపు కుళాయికీ పాకింది. మీ అమ్మ చెప్పుల్లేకుండా, తడి బండ మీద నిలబడి బిందె పట్టుకోబోయింది. నేను షాపు నుంచి వచ్చేసరికి గోడకి ఆనుకుని కూర్చునుంది, కుడిచెయ్యి వణుకుతూనే ఉంది. కాలు జారిందని అమ్మమ్మతో అబద్ధం చెప్పింది, నాకు దెబ్బలు పడతాయని! మీ వంటింట్లో అటక మీదున్న ఇత్తడి బిందెకి సొట్ట ఎందుకుందో ఇప్పుడర్థమైందా?

అందుకే తల్లీ, నీళ్లలో తీగ పెట్టొద్దు, పైనుంచి దూరం కొలిచే సెన్సరే పెట్టు. బోర్డుకి మంచి కంపెనీ ఫోన్ చార్జర్ నుంచే కరెంటు ఇవ్వు, నేను మిగుల్చుకున్న ఆ డబ్బుల లెక్క నువ్వు వెయ్యకు. రిలే మీద 10 ఆంప్స్ అని రాసుందని తిన్నగా మోటారు తగిలించావో, లేచేటప్పుడు అది ఐదారు రెట్లు లాగుతుంది, కాంటాక్టులు అతుక్కుపోయి మోటారు ఆగనే ఆగదు. రిలేతో కాంటాక్టర్‌ని నడిపించు, కాంటాక్టర్ అంటే మోటార్ల కోసమే చేసిన గట్టి రిలే, అది మోటారుని నడిపిస్తుంది. మీ ఇంట్లో కరెంటు లీకైతే టక్కున ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉందో లేదో ఈరోజే మీ అమ్మనడిగి ఫోటో తెప్పించి పంపు. రేపు కాదు, ఈరోజే.

హాస్టల్లో ప్రోగ్రాం అంతా రాసుకో, మోటారు బదులు ఎల్ఈడీ పెట్టి వంద సార్లు ఆడించు. 230 వోల్టుల వైపు స్క్రూ మాత్రం నేను వచ్చేదాకా తిప్పొద్దు. భోగి ముందురోజుకల్లా మల్టీమీటర్‌తో దిగుతా. కుళాయి సంగతి నేను నీకు చెప్పానని మీ అమ్మతో అనకు.

మామయ్య