నాన్నగారి జ్ఞాపకాలు టైప్ చేసుకోవడానికి లిబ్రేఆఫీస్ చాలు

రిటైరైన మీ నాన్నగారు ఉద్యోగ జ్ఞాపకాలు రాసుకుంటున్నారని, ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ గడువు అయిపోయి ఇప్పుడు ఫైల్ తెరుచుకుంటోంది గానీ ఒక్క అక్షరం కూడా దిద్దనివ్వడం లేదని రాశారు. ఏటా డబ్బు కట్టే పని లేకుండా, తెలుగు సరిగ్గా వచ్చేది ఏదైనా ఉందా అని అడిగారు. ఉందండీ. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ ప్యాకేజీలో వర్డ్ లాంటి రైటర్ ఉంటుంది, అది పెట్టుకోండి. రెండేళ్ల కింద మా అమ్మ పాటల నోటుబుక్కు మొత్తం నేను అందులోనే టైప్ చేశాను. పెళ్లి పాటలు, మంగళహారతులు, లాలిపాటలు కలిపి 140 పేజీలు. నోటుబుక్కు అంచుల్లో పసుపు మరకలు, పెన్సిల్‌తో రాసినవి సగం చెరిగిపోయాయి. అందుకే ఆ పని అంత పట్టుదలగా చేశాను.

మొదటి రోజే ఒక చోట ఇరుక్కుపోయాను. స్టైల్‌లో (ఫాంటు, సైజు లాంటివన్నీ కలిపి ఒకచోట పెట్టుకునే అమరిక) అక్షరాల సైజు 16 పెట్టాను, ఇంగ్లీషు పెద్దదైంది, తెలుగు మాత్రం కదల్లేదు. గంటసేపు తంటాలు పడ్డాక అర్థమైంది. రైటర్ మన లిపిని కాంప్లెక్స్ టెక్స్ట్ (గుణింతాలు, ఒత్తులు కలిసి అక్షరం రూపం మారే లిపులు) కింద లెక్కేస్తుంది, దాని ఫాంటు, సైజు వేరే చోట పెట్టాలి. టూల్స్ మెనూలో ఆప్షన్స్‌కి వెళ్లి, లాంగ్వేజెస్ దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి టిక్కు పెట్టి తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత స్టైల్‌లో ఫాంటు మార్చేటప్పుడు కాంప్లెక్స్ భాగంలో కూడా మార్చండి. ఇదొక్కటి ముందే చేసి ఇస్తే నాన్నగారికి టెన్షన్ ఉండదు. ఫాంటుకి మండలి, సూరన్న లాంటివి ఉచితంగా దొరుకుతాయి. నేను మండలి వాడాను, అమ్మ కళ్లజోడు లేకుండా చదవగలిగింది.

టైపింగ్‌కి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. విండోస్ 10, 11లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చేది) ఉంది, సెట్టింగ్స్‌లో కలుపుకుంటే చాలు. ఒక్కో పాట పేరుకి హెడింగ్ స్టైల్ పెడుతూ పోతే, చివర్లో విషయసూచిక పెట్టమనగానే దానంతట అదే తయారవుతుంది. నాన్నగారి అధ్యాయాలకీ అలాగే చేయండి, సూచికలో పేజీ నంబర్లు చేత్తో వేసుకునే బాధ తప్పుతుంది.

ఉచితమంటే రేపు మాయమైపోతుందేమోనని నాకూ భయం ఉండేది. దీని మూలం జర్మనీలో పుట్టిన స్టార్‌ఆఫీస్. 1999లో సన్ కంపెనీ దాన్ని కొని, మరుసటి ఏడాది కోడ్‌ని అందరికీ తెరిచి ఓపెన్‌ఆఫీస్ చేసింది. 2010లో చాలామంది డెవలపర్లు విడిగా వచ్చి లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. కోడ్ ఏ ఒక్కరి చేతిలోనూ లేదు, రైటర్ ఫైళ్లు దాచే ఓడీటీ (.odt) ఫార్మాట్‌కి 2006 నుంచీ అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ గుర్తింపు ఉంది. వెతికేటప్పుడు ఓపెన్‌ఆఫీస్ అనే పేరు కూడా కనబడుతుంది. దానికి కొత్త మార్పులు బాగా తక్కువ, దాని జోలికి పోకండి.

నేను చేసిన తప్పు మీరు చేయకూడదు. పాటల పుస్తకం ప్రింటుకి డాక్స్ (.docx, అంటే వర్డ్ రకం) ఫైలే పెన్ డ్రైవ్‌లో వేసుకుని జిరాక్స్ షాపుకి తీసుకెళ్లాను. వాళ్ల కంప్యూటర్‌లో నా ఫాంటు లేదు. ఏదో ఫాంటు పడి పాటలు పేజీలు దాటిపోయాయి, ఒక హారతిలో చివరి చరణం ఒక్కటే వెనక పేజీకి వెళ్లింది. చూసుకోకుండా అయిదు కాపీలు తీయించేశాను. ఇంటికొచ్చి పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ తీసుకెళ్తే ఉన్నది ఉన్నట్టు వచ్చింది. మీ దగ్గర ఓడీటీ ఉంచుకోండి, ప్రింటుకి పీడీఎఫ్ ఇవ్వండి, ఎవరైనా దిద్దాలంటేనే డాక్స్ పంపండి. నాన్నగారి పాత వర్డ్ ఫైళ్లు కూడా ఇందులో తెరుచుకుంటాయి. ఎక్కడైనా వరుసలు కదిలితే సరిచూసుకోండి.

గూగుల్ డాక్స్ కూడా ఉచితమే, కానీ పెద్దాయన రోజూ కూర్చుని రాసే పుస్తకానికి నెట్ మీద ఆధారపడటం నాకు నచ్చదు. ఒక్క పనికి మాత్రం అది చాలా మేలు. క్రోమ్ బ్రౌజర్‌లో తెరిచి వాయిస్ టైపింగ్ ఆన్ చేస్తే మైకులో చెప్పిన తెలుగు టైప్ అయిపోతుంది. మా అమ్మ పాడకుండా మామూలుగా చదువుతూ 20 పాటలు అలా ఎక్కించింది, నేను ఒత్తులు దిద్దుకున్నాను. నాన్నగారికి చేతులు నొప్పెట్టిన రోజున అందులో చెప్పించి, ఆ ముక్కని రైటర్‌లోకి కాపీ చేసుకోండి.