బెండకాయ విరిచి చూసే అమ్మ

ప్రశ్న: మేడమ్, మాది విశాఖలో ఎంవీపీ కాలనీ, నేను ఎంఏ ఇంగ్లీషు చదువుతున్నా. మాకు జమైకా కిన్‌కెయిడ్ రాసిన ‘గర్ల్’ అనే కథ ఉంది, తల్లి కూతురికి ఒకటే పనిగా చెప్తూ ఉంటుంది, చదువుతుంటే అచ్చం మా అమ్మే. అరగంట లేటైతే నాలుగు ఫోన్లు, చున్నీకి పిన్ను పెట్టావా, నలుగురిలో అలా పకపకా నవ్వకు, ఇదే గోల. సరే అమ్మ మీద నేనూ ఓ కథ రాద్దామని కూర్చుంటే మూడుసార్లు రాశా, మూడుసార్లూ సీరియల్లో అత్తగారే వచ్చింది. ఫ్రెండేమో సూపరుంది పంపించెయ్ అంటోంది, నాకే మనసొప్పట్లేదు. అమ్మ మరీ అంత చెడ్డదేం కాదండీ, రాత్రి నేను లేటైతే డాబా మీద బట్టలు తీస్తున్నట్టు నిలబడుతుంది, ఆ బట్టలు సాయంత్రమే తీసేసి ఉంటాయి. ఎలా రాయమంటారు?
(పేరు వెయ్యొద్దు, అమ్మ ఈ పేజీ చదువుతుంది)

జవాబు: చదవనీ అమ్మా, ఏం పర్లేదు. ముందు ఆ ‘గర్ల్’ సంగతి చూద్దాం. 1978లో న్యూయార్కర్ పత్రికలో వచ్చింది, గట్టిగా రెండు పేజీలుండదు, మొత్తం ఒకటే వాక్యం, అంతా సెమికోలన్లే, ఆ తల్లి ఊపిరి పీల్చుకోడానికి కూడా ఆగదన్నమాట. రచయిత్రి పుట్టింది 1949లో, కరీబియన్‌లో ఆంటిగ్వా దీవి, అప్పుడది బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉంది. తెల్లబట్టలు సోమవారం ఉతుకు, ఉప్పుచేప ముందురోజు రాత్రే నానబెట్టు, మీ నాన్న ఖాకీ చొక్కా ముడత లేకుండా ఇస్త్రీ చెయ్యి, బెండ మొక్క ఇంటికి దూరంగా వెయ్యి ఎర్రచీమలు చేరతాయి... ఇలా పోతూ పోతూ మధ్యలో ఠక్కున, నువ్వెలాగూ చెడిపోదామనే చూస్తున్నావు అని ఓ మాట విసురుతుంది, అదీ ఒక్కసారి కాదు. క్లాసులో అందరూ ఆ మాట దగ్గరే ఆగిపోయి తల్లి రాక్షసి అని రాసేస్తారు, మార్కులూ పడతాయనుకో.

కానీ మిగతాదంతా ఏంటి మరి? జలుబుకి మందెలా చెయ్యాలి, చేపనెలా పట్టాలి, నచ్చనివాళ్ళ ముఖం చూసి ఎంతమేరకు నవ్వాలి, అన్నీ చెప్పింది కదా. డబ్బు లేదు, పొలం లేదు, పిల్లకివ్వడానికి ఆవిడ దగ్గరున్నది ఆ పనితనం ఒక్కటే, అది ఇస్తూ ఇస్తూనే భయాన్ని కూడా మూటలో కట్టేసింది. నాకైతే ఆ రెండూ విడదీస్తే కథే లేదనిపిస్తుంది.

కూతురు నోరు తెరిచేది మొత్తం మీద రెండేసార్లు. రెండోది చివర్లో. రొట్టె తాజాదో కాదో నొక్కి చూసి తీసుకోమంటుంది తల్లి, కొట్టువాడు ముట్టుకోనివ్వకపోతేనో అంటుంది పిల్ల. ఇంత చెప్పాక కూడా కొట్టువాడు దగ్గరికి రానివ్వని ఆడదానివే అవుతావా అని తల్లి నివ్వెరపోతుంది, అంతే, అక్కడితో కథ ఐపోయింది.

ఇప్పుడు ఆంటిగ్వా వదిలేసి మీ రైతుబజారుకి రా. పొద్దున్న ఏడింటికి అమ్మలు బెండకాయ కొస టక్‌మని విరుస్తుంటారు, విరిగితే లేతది, వంగితే ముదురు. విరవొద్దమ్మా అని వాడు అరుస్తాడు, ఈవిడ వినదు, ఇంకోటి విరుస్తుంది. అదే నువ్వెళ్ళావనుకో, వాడు ఒక్కసారి కసిరితే చెయ్యి వెనక్కి తీసుకుని ఫోన్‌పే చేసి వచ్చేస్తావు (నేనూ అంతేలే, నా వయసుకి సిగ్గులేకుండా చెప్తున్నా). ఇంటికొచ్చాక అమ్మ సంచీ బోర్లించి, ఒక్కో కాయా వంచి చూసి, ముదురువన్నీ ఓ పక్కకి తోస్తుంది, నిన్నేం అనదు. ఆ అనకపోవడం రాయి చూద్దాం, తిట్టడం రాయడం ఎవరైనా రాస్తారు.

ఇంకోటి, అమ్మ నోట్లో పుస్తకం తెలుగు పెట్టకు. మీ ఇంట్లో ‘బేగి రా’ అంటే బేగి రా అనే ఉంచు, త్వరగా రమ్ము అని దిద్దకు. మీ విశాఖలోనే వకీలు చేసిన రావిశాస్త్రిగారు ఉత్తరాంధ్ర మాటని కథల్లో ఎలా పరుగెత్తించారో తెరిచి చూడు. సెమికోలన్లు కూడా మనకక్కర్లేదు, కడిగి, ఆరబెట్టి, తరిగి, ఉప్పేసి అనుకుంటూ తెలుగులో ఎంత దూరమైనా పోవచ్చు.

అసలు సంగతికొస్తా. నీ ఉత్తరంలో కథంతా ఆ డాబా దగ్గరే ఉంది, నువ్వేమో దాన్ని చివర్లో ఏదో సర్దిచెప్తున్నట్టు పడేశావు. మూడు కాపీల్లో ఒక్కదాన్లోనైనా అది ఉందా? లేదనే నా అనుమానం. అక్కణ్ణించే మొదలుపెట్టు. రాత్రి ఎనిమిదిన్నర, ఖాళీ తీగ, ఆవిడ చేతిలో రెండు క్లిప్పులు, నువ్వు గేటు తియ్యగానే కిందకి చూడకుండా లోపలికెళ్ళిపోవడం. అమ్మకి నేనంటే ఎంత ప్రేమో అని మాత్రం రాయకు, నీకు దణ్ణం పెడతా.

అన్నట్టు, కొట్టడం, చదువు మాన్పిస్తాననడం లాంటివి ఏవైనా ఉంటే అది కథల పేజీకి వచ్చే విషయం కాదు, నాకు విడిగా రాయి.

ప్రశ్న: మా అమ్మాయి రాసిన కథ వాళ్ళ కాలేజీ మ్యాగజైన్లో పడింది. అందులో తల్లి ముమ్మాటికీ నేనే. పక్కింటావిడ చదివి మరీ చూపించింది. అడగాలా, తెలీనట్టు ఊరుకోవాలా?
(గాజువాక నుంచి ఒక తల్లి)

జవాబు: అడగండి, కానీ పక్కింటావిడ పేరెత్తకండి. కథ చదివానని చెప్పండి చాలు. ఆ అమ్మాయి ఏదో ఒకటి అంటుంది, లేదంటే ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుంది, అప్పుడు మీరు మాత్రం చేపల పులుసులో చింతపండు కొలత తప్పు రాశావే అనకండి. మీ ఉత్తరం నాలుగో లైన్లో ఆ మాట రాసి కొట్టేశారు, పెన్ను కింద నాకు కనపడింది లెండి.