అమెరికా సైనికాధికారి కస్టర్ తన దళాన్ని అనవసరంగా బలిపెట్టాడన్న నిందను ఆయన భార్య నిజంగా తుడిచివేయగలిగిందా?

నింద తప్పని ఆమె నిరూపించలేదు. ఆమె బతికున్నంత కాలం దాన్ని గట్టిగా పలికేవారు అరుదయ్యారు, అంతే. 1876 జూన్ 25న మొంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ వద్ద లకోటా, షయాన్ అనే స్థానిక అమెరికన్ తెగల యోధుల చేతిలో జార్జ్ కస్టర్, ఆయన వెంట ఉన్న సుమారు 210 మంది హతులయ్యారు. అది కస్టర్ చేజేతులా తెచ్చిపెట్టిన అనవసర బలిదానమని అప్పటి అమెరికా అధ్యక్షుడు గ్రాంటే పత్రికాముఖంగా అన్నాడు.

డకోటా సరిహద్దు కోటలో ఉన్న భార్య ఎలిజబెత్‌కు అప్పటికి 34 ఏళ్లు. కబురందిన జూలై ఉదయం, అంత ఉక్కలోనూ భుజాల చుట్టూ శాలువా కప్పుకుని, మిగతా వితంతువులకు ఆ వార్త చెప్పడానికి అధికారుల వెంట ఆమె కూడా ఇల్లిల్లూ తిరిగింది. ఆ తరువాత 1885, 1887, 1890లలో వెలువడిన మూడు స్మృతి గ్రంథాలలో ఆయనను మచ్చలేని వీరుడిగా చిత్రించింది. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో నిలిపిన ఆయన విగ్రహం తనకు నచ్చలేదని పట్టుబట్టి 1884లో తీసివేయించింది కూడా.

వితంతువును నొప్పించడం ఇష్టంలేక చాలామంది సైనికాధికారులు నోరు మెదపలేదు. ఆమె 1933లో కన్నుమూసింది. మరుసటి ఏడాదే కస్టర్‌ను తీవ్రంగా విమర్శించే జీవితచరిత్ర వెలువడింది. నా దృష్టిలో ఆమెది న్యాయపోరాటం కన్నా కీర్తిరక్షణే, ఎందుకంటే శత్రుబలం తెలియకుండానే సేనను చీల్చిన నిర్ణయం కస్టర్‌దే.