కాలేజీలు కలిపేశారు సరే, కొత్త క్యాంపస్ ఎట్లా కట్టుకోవాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, మాది నెల్లూరు. ఊళ్ళో మూడు డిగ్రీ కాలేజీలు కలిపి ఒకటి చేశారు, అందులో ఒకదాంట్లో నేను కామర్స్ చెప్తాను. కొత్త క్యాంపస్ కట్టాలని కమిటీ వేసి నన్ను కూడా మెంబరుగా పెట్టారు. మొదటి మీటింగ్‌కే ఆర్కిటెక్ట్ కంప్యూటర్‌లో బొమ్మ తెచ్చి చూపించాడు, ముందరంతా అద్దాలు, పైన డోము, గేటు దగ్గర ఫౌంటెను, అందరూ బాగుంది బాగుంది అన్నారు. నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది కానీ ఏం అడగాలో తెలియలేదు. మూడు కాలేజీల్లో కలిపి 47 క్లాసు రూములు ఉండాయి, 30 సెక్షన్లు నడుస్తాయి, కొత్తదాంట్లో 50 రూములు కట్టాలంటున్నారు. మీరేమంటారు?
– ఒక లెక్చరర్, నెల్లూరు

జవాబు: మేడమ్, మీకు తేడా కొట్టింది కరెక్టే. లెక్క కంటే ముందు బొమ్మ వచ్చిందంటే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. వచ్చే మీటింగ్‌లో మీరు ఒక్కటే అడగండి, టైమ్‌టేబుల్ ఏదీ అని. మూడు కాలేజీల టైమ్‌టేబుళ్ళు ముందరేసుకుని, కలిసిన కాలేజీకి ఒకే టైమ్‌టేబుల్ పెన్సిల్‌తో రాయండి, అది తేలేదాకా ప్లాన్ మీద ఒక్క గీత కూడా గీయనీయొద్దు.

లెక్క చాలా సులువు. 30 సెక్షన్లు అన్నారు, ఒక్కోదానికి వారానికి 24 థియరీ క్లాసులు అనుకుందాం, మొత్తం 720. ఒక గదికి రోజుకి 6 పీరియడ్లు, 6 రోజులు, అంటే వారానికి 36. అన్నీ నిండవు, నిండకూడదు కూడా, నాలుగో వంతు ఖాళీ వదిలేస్తే 27 పీరియడ్లు వాడకం. 720ని 27తో భాగిస్తే 27 గదులు సరిపోతాయి. 50 ఎక్కడ 27 ఎక్కడ మేడమ్! ఇప్పుడు 47 ఎందుకున్నాయంటే మూడు కాలేజీలూ ఎవరి గదులు వాళ్ళు కట్టుకున్నారు, ఒక కాలేజీలో మధ్యాహ్నం గదులకి తాళాలేసి ఉంటే ఇంకో కాలేజీలో పిల్లలు చెట్టుకింద కూర్చుంటారు. కలపడం వల్ల రావాల్సిన లాభం ఇక్కడే ఉంది, దాన్ని 50 గదులు కట్టి పోగొట్టుకోవద్దు. క్లాసులు పేరుపేరుగా రాసుకునేటప్పుడు ఇంకోటి కూడా తెలుస్తుంది, అన్ని గదులూ ఒకే సైజు అక్కర్లేదని. ఫస్టియర్ లాంగ్వేజ్ క్లాసుకి నూట ఇరవై మంది పట్టే హాళ్ళు ఒక నాలుగు కావాలి, ఇరవై మంది తీసుకునే సబ్జెక్టుకి చిన్న గది చాలు. మిగిలిన డబ్బు ల్యాబులకి, ఆడపిల్లల వెయిటింగ్ రూముకి, నీళ్ళు సరిగ్గా వచ్చే బాత్రూములకి పెట్టండి. బాత్రూములు అంటే మీటింగుల్లో ఎవరూ మాట్లాడరు, మీరే మాట్లాడాలి.

మెట్ల గురించి కూడా గట్టిగా అడగండి. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఒక కాలేజీ కొత్త బిల్డింగ్ చూడ్డానికి వెళ్ళాను, ఊరి పేరు వద్దులెండి. పదకొండుంబావుకి బెల్ కొట్టారు. మూడో అంతస్తు నుంచి దిగేవాళ్ళు, కిందనించి ఎక్కేవాళ్ళు ఒకటే మెట్ల మీద ల్యాండింగ్ దగ్గర ఇరుక్కుపోయారు. ఒకమ్మాయి కెమిస్ట్రీ రికార్డు గుండెకి హత్తుకుని గోడకి అతుక్కుని నిలబడింది, అందరూ పొయ్యేదాకా కదల్లేదు. ఆ గోడకి భుజాలెత్తున రంగంతా పోయి నల్లటి చార ఉంది, బిల్డింగ్ కట్టి రెండేళ్ళు కూడా కాలేదు, అంటే రోజూ అంతే. అప్పటినుంచి నేను ఏ ప్లాన్ చూసినా ముందు మెట్లు చూస్తాను, బెల్ కొట్టిన ఐదు నిమిషాల్లో ఎంతమంది ఎటునుంచి ఎటు పోవాలో టైమ్‌టేబుల్ చెప్తుంది, ఫౌంటెన్ బొమ్మ చెప్పదు.

మూడు కాలేజీలు కలపడం మనకేం కొత్త కాదు. కర్నూల్లో సిల్వర్ జూబ్లీ, కె.వి.ఆర్. మహిళా కాలేజీ, మెన్స్ కాలేజీ కలిపి క్లస్టర్ యూనివర్సిటీ చేశారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్న చిన్న కాలేజీలు విడివిడిగా కాకుండా 3000 మంది, అంతకన్నా ఎక్కువ మంది చదివే పెద్ద సంస్థలు కావాలంటోంది. బయట దేశాల్లో నాకు నచ్చింది స్కాట్లాండ్‌లో గ్లాస్గో. అక్కడ సెంట్రల్ కాలేజీ, మెట్రోపాలిటన్ కాలేజీ, ఓడల చదువులు చెప్పే నాటికల్ కాలేజీ, ఈ మూడూ 2010లో కలిసి సిటీ ఆఫ్ గ్లాస్గో కాలేజీ అయ్యాయి. కొత్త క్యాంపస్‌కి 22.8 కోట్ల పౌండ్లు అయింది, క్లైడ్ నది ఒడ్డున రివర్‌సైడ్ బిల్డింగ్ 2015లో, ఊరి మధ్యలో సిటీ క్యాంపస్ 2016లో తెరిచారు. అంటే కలిసింది ముందు, బిల్డింగ్‌లు వచ్చింది ఐదారేళ్ళ తర్వాత. అన్నీ ఒకేచోట కుక్కలేదు చూడండి, ఓడల చదువు నది దగ్గరే ఉంచారు, మిగతావి ఊరి మధ్యలో పెట్టారు. మన దగ్గర ఫిషరీ సైన్స్ కాలేజీ ముత్తుకూరులో ఉన్నట్టు, సముద్రం దగ్గర చెప్పాల్సింది సముద్రం దగ్గరే చెప్పాలి. ఆ రెండు బిల్డింగ్‌లూ ఒకటి 2016లో, ఇంకోటి 2017లో బ్రిటన్‌లో భవనాలకిచ్చే పెద్ద పేరున్న స్టిర్లింగ్ ప్రైజ్ తుది జాబితాకి వెళ్ళాయి, అందం వద్దని నేను అనడంలేదు మేడమ్, అందం లెక్క తర్వాత రావాలంటున్నాను అంతే.

ఇంకోమాట, బిల్డింగ్ లేచేలోపు ఈ ఐదేళ్ళు మీ మూడు కాలేజీల కామర్స్ వాళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చోవడం మొదలుపెట్టండి. ఎవరి బీరువా ఎక్కడ అనే గొడవ ఇప్పుడే తీరిపోతే కొత్త బిల్డింగ్‌లో మూడు కాలేజీలు మూడు అంతస్తుల్లో మళ్ళీ విడిగా కాపురం పెట్టవు.

ప్రశ్న: అయ్యా, మాది బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లె. మా పాప నెల్లూరులో డిగ్రీ చదవతా ఉంది. ఇప్పుడు కాలేజీ కలిపి ఊరికి అవతల 15 కిలోమీటర్ల దూరంలో కడతారంట, ఎవరో 40 ఎకరాలు ఊరికే ఇస్తున్నారంట. ఊరికే వచ్చేదాన్ని వద్దనకూడదు అంటున్నారు అందరూ. మా పాప రెండు బస్సులు మారాలి. ఏం చేసేది?
– ఒక తండ్రి, నెల్లూరు జిల్లా

జవాబు: అన్నా, మీరు అడిగింది కమిటీలో మొదట అడగాల్సిన ప్రశ్న. 40 ఎకరాలు దేనికి ముందు చెప్పమనండి. కొత్త కాలేజీకి అనుబంధం ఇవ్వాలంటే యు.జి.సి. 2009 నిబంధనల్లో మెట్రో నగరాలు కాని చోట అడిగింది 5 ఎకరాలు. ఊళ్ళోనో ఊరి అంచునో ఎనిమిది పది ఎకరాలు దొరికి మూడు నాలుగు అంతస్తులు కట్టుకుంటే గ్రౌండ్‌తో సహా సరిపోతుంది. ఊరికే వచ్చిన పొలానికి మెరక తోలాలి, రోడ్డు వెయ్యాలి, కరెంటు లైను లాగాలి, మంచినీళ్ళు తేవాలి, హాస్టల్ కట్టాలి, ఇవన్నీ కలిపి కూడితే అది ఊరికే వచ్చింది కాదు.

బస్సు సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బుల్లేవు, కాబట్టి మీ పాపకి ఖర్చు బాధ ఉండదు, కానీ బస్సనేది రావాలి కదా. విక్రమ సింహపురి యూనివర్సిటీ కాకుటూరులో ఉన్నా పిల్లలు పోగలుగుతున్నారంటే హైవే పక్కన ఉంది కాబట్టి. హైవే దిగి మూడు కిలోమీటర్లు లోపలికి పోవాల్సిన స్థలం అయితే సాయంత్రం ఐదున్నరకి ల్యాబ్ వదిలాక ఆడపిల్ల ఆ మూడు కిలోమీటర్లు ఎట్లా వస్తుందో కమిటీ వాళ్ళు ఒకరోజు నడిచి చూడాలి, కారులో కాదు. మీరు తల్లిదండ్రులు ఒక యాభై మంది కలిసి, ఎవరి పిల్ల ఏ ఊరి నుంచి ఎన్ని గంటలకి బయల్దేరతందో ఒక కాగితం మీద రాసి ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి. నోటితో చెప్తే గాలికి పోతుంది, కాగితం ఫైల్లో ఉంటుంది.

నీళ్ళ సంగతి ఇంతకంటే పెద్దది. మన జిల్లాలో స్థలాన్ని మే నెలలో చూసి కొనకూడదు, ఈశాన్య రుతుపవనాలప్పుడు, నవంబర్‌లో చూడాలి. ఒకసారి ఇట్లాంటి స్థలమే చూడ్డానికి వేసవిలో పోయాం, నేల గచ్చులాగా గట్టిగా ఉంది, అందరికీ నచ్చింది. పక్కపొలానికి వేసిన ముళ్ళకంచె దగ్గర నిలబడి నీళ్ళు తాగుతుంటే కంచె మూడో తీగకి ఎండిన గడ్డి, చిన్న చిన్న పుల్లలు, ఒక ప్లాస్టిక్ కవరు వరసగా చుట్టుకుని కనపడ్డాయి, దాదాపు నా నడుమెత్తున. ఆ గడ్డిని అక్కడ ఎవరూ కట్టలేదు, వరదనీళ్ళు వదిలిపోయిన గుర్తు అది. అక్కడ గేదెలు కాస్తున్న పెద్దమ్మని అడిగితే, కలుజు పారితే నీళ్ళన్నీ ఇట్నే పోతాయి నాయనా అని చెప్పింది. కలుజు అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు బయటికి పారే చోటు. ఆ ఒక్క మాటతో స్థలం మార్చుకున్నారు. 2021 నవంబర్‌లో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, కాలేజీ కాంపౌండ్ గోడ ఒక లెక్కా. కాబట్టి గ్రామ పటంలో వాగు ఎటు పోతుంది, పైన చెరువు ఏది, దాని కలుజు ఎటు తిరిగి ఉంది చూడమనండి, ఆ ఊరి ముసలోళ్ళని అడగమనండి.

ప్రశ్న: నేను ఒంగోలులో సివిల్ డిప్లొమా చదువుతున్నాను. మా దగ్గర కూడా కలిపిన కాలేజీకి కొత్త బ్లాక్ వస్తుంది, కింద మొత్తం స్తంభాలే ఉంచి బైకుల పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, ముందర అద్దాలు. నేల నల్లరేగడి. ఇది సేఫేనా?
– ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: తమ్ముడూ, చదువుకునే వయసులోనే ఇది అడిగావు, సంతోషం. ఒంగోలులో 1967 మార్చి 27న భూకంపం వచ్చింది, మన వైపు భూమి కదలదు అనుకునేవాళ్ళకి అది చెప్పు. పైన అంతస్తుల్లో గోడలుండి కింద ఒట్టి స్తంభాలే ఉంటే కదలికంతా ఆ కింది అంతస్తులోనే వస్తుంది, స్తంభాలు అక్కడే విరుగుతాయి, దాన్నే సాఫ్ట్ స్టోరీ అంటారు. పార్కింగ్ కావాలంటే పక్కన షెడ్డు వేసుకోవచ్చు, తప్పదంటే కింద షియర్ వాల్స్, అంటే భూకంపం ఊపుని తట్టుకునే కాంక్రీట్ గోడలు పెట్టి, భూకంపాల కోడ్ ఐ.ఎస్. 13920 ప్రకారం స్తంభాలకి రింగులు దగ్గర దగ్గరగా కట్టాలి, అది కడుతున్నప్పుడు నువ్వు వెళ్ళి కళ్ళతో చూడు, కాంక్రీట్ పోశాక ఏమీ కనపడదు.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళిస్తుంది, మామూలు పునాది వేస్తే గోడలు ఏటవాలుగా చీలతాయి. అండర్‌రీమ్డ్ పైల్స్ అని ఉంటాయి, కింద గంటలాగా వెడల్పు చేసి పోసే పైల్స్, ఇట్లాంటి నేలకోసమే. సాయిల్ టెస్ట్ రిపోర్ట్ చూడకుండా ఎవరు పునాది లోతు చెప్పినా నమ్మొద్దు.

అద్దాల గురించి. గాలి లెక్కల కోడ్ ఐ.ఎస్. 875 మూడో భాగంలో మీ పక్కనున్న నెల్లూరుకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు అని రాసుంది, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు. పైగా మన ఎండలకి పడమర వైపు అద్దం పెడితే క్లాసులో పిల్లలు ఉడికిపోతారు, ఏసీ బిల్లు ఎవరు కడతారు. లోతైన వరండా, రెండు వైపులా కిటికీలు, అది చాలు. బోరునీళ్ళు ఉప్పగా ఉంటే కాంక్రీట్‌కి వాడనీయొద్దు, క్లోరైడ్లు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటితే ఇనుము వేసిన కాంక్రీట్‌కి పనికిరావు, టెస్ట్ చేయించమను. చీమకుర్తి గ్రానైట్ పక్కనే ఉంది కాబట్టి తప్పకుండా వేస్తారు, వెయ్యనీ, మన రాయి మనకి గర్వం, కానీ ర్యాంపు మీద మాత్రం నున్నగా పాలిష్ చేసింది వద్దు, వానలో జారుతుంది, గరుకుగా ఫ్లేమ్ చేసిన రాయి వేయించు. ర్యాంపు వాలు 12 అడుగులకి ఒక అడుగు మించకూడదు.

ప్రశ్న: నమస్తే సార్. 22 ఏళ్ళుగా కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. మూడు లైబ్రరీలు కలిపి కొత్త బిల్డింగ్‌లో మూడో అంతస్తులో రెండు క్లాసు రూముల్లో పెడతామంటున్నారు. మా కాలేజీ పేరు కూడా ఇక ఉండదంట. మనసు బాలేదు.
– ఒక లైబ్రరీ అసిస్టెంట్, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ మూడో అంతస్తు మాట ఆపించండి. క్లాసు రూముకి చదరపు మీటరుకి సుమారు 300 కేజీల బరువు లెక్కేసి స్లాబు డిజైన్ చేస్తారు, పుస్తకాల బీరువాలు పెట్టే గదికి 600 కేజీలు, ర్యాకులు 2.2 మీటర్ల కంటే ఎత్తుంటే ఇంకా ఎక్కువ. అంటే రెట్టింపు. క్లాసు రూము అని కట్టి తర్వాత లైబ్రరీ చేస్తే స్లాబు కిందకి వంగుతుంది. లైబ్రరీ కింది అంతస్తులో, వరదనీళ్ళు తాకని ఎత్తులో కావాలని, డిజైన్ అవ్వకముందే మీ చేత్తో ఉత్తరం రాసివ్వండి, ఇంజనీర్‌కి ఇది తెలియక కాదు, ఎవరూ చెప్పక.

పేరు గురించి మీ బాధ నాకు అర్థమయింది. నెల్లూరులో వి.ఆర్. కాలేజీ పేరు మీద వచ్చిన వి.ఆర్.సి. సెంటర్ అంటే ఆటో అతను ఇంకేమీ అడగడు, కాలేజీ పేరు అట్లా ఊరి పేరయిపోతుంది. కలిసిన కాలేజీకి కొత్త పేరు వచ్చినా మూడు బ్లాకులకి మూడు పాత పేర్లు పెట్టమని అడగండి, దీనికి ఖర్చు కూడా ఉండదు. పాతవాళ్ళు సర్టిఫికెట్ల కోసం ఇరవై ఏళ్ళ తర్వాత కూడా వస్తారు, వాళ్ళ రికార్డు ఎక్కడ దొరుకుతుందో గేటు దగ్గర పాత పేరుతోనే బోర్డు ఉండాలి.

మూడు లైబ్రరీల పుస్తకాలకి కొత్త నంబర్లు వేసేటప్పుడు రిజిస్టర్‌లో పుస్తకానికి ఇచ్చిన పాత యాక్సెషన్ నంబరు కొట్టేయొద్దు, దాని పక్కనే కొత్తది రాయండి, పాత రిజిస్టర్లు తూకానికి వేయనీయొద్దు. ఒకే పుస్తకం మూడు కాలేజీల్లోనూ ఉంటే బాగున్నది ఉంచి మిగతావి హాస్టల్ రీడింగ్ రూముకి ఇవ్వండి. షిఫ్టింగ్ జనవరి తర్వాతే పెట్టుకోండి, వానలు తగ్గాక, ఒక్కో అట్టపెట్టె మీద ర్యాకు నంబరు రాసి, చెదలు పట్టిన పెట్టె ఏదైనా ఉంటే విడిగా ఎండలో పెట్టి చూశాకే కొత్త గదిలోకి తీసుకెళ్ళండి.